ఆగిన సాంచ, రాని వైఫై



పోయిన నెల కుట్టుమిషన్ మోటారు వేడెక్కితే ఏమేం చూడాలో రాసిన. అది చదివి మా గల్లీ పిల్లగాడు ఒకడు, "తాతా, నీకు చేతికి నూనె అంటే రిపేర్లే వస్తయి, కంప్యూటర్ది రాదు గద" అని నవ్విండు. రాదనే చెప్పిన. నేను చదివింది తెలుగు బడిలో నాలుగో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడత గని కూడబలుక్కోలేను. అయినా ఈ నెల కంప్యూటర్ గురించే రాస్తున్న. ఎందుకో చదివితే మీకే తెలుస్తది.

మా పెద్ద మనుమరాలు బీకాం అయిపోయి ఇంట్లో ఉన్నది. వాళ్ల అమ్మ, అంటే మా కోడలు, బీడీలు చుడతది. షోలాపూర్‌లో మన ఆడోళ్ల సంగతి మీకు తెలిసిందే. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుంటే రాత్రికి గని మెడ ఎత్తరు. తన బిడ్డ చాట పట్టొద్దని కోడలి పట్టుదల. దేవుడి దయవల్ల ఒక టవెల్ వ్యాపారి దగ్గర లెక్కలు రాసే పని దొరికింది. ఇంట్లనే కూర్చొని చేయొచ్చు. కాకపోతే సోమవారం పొద్దున తొమ్మిదింటికి లాప్‌టాప్‌ల నెట్ ఉండాలె. మొదటి వారం పరీక్ష, అది బాగుంటేనే పని ఖాయం.

లాప్‌టాప్ కొత్తది కొనే తాకత్ లేదు. వరసకు అల్లుడైన ఒకాయన తన పాతది ఇచ్చిండు. పది పన్నెండేండ్ల కిందటిది. అందులో విండోస్ 10 ఉండె. ఆ విండోస్‌కు 14 అక్టోబర్ 2025తో కంపెనీ మామూలు మద్దతు ఆపేసింది. తర్వాతిది విండోస్ 11. అది ఇంత పాత యంత్రాల మీద ఎక్కదు. అందుకని అల్లుడే దాంట్లో లినక్స్ మింట్ వేసి ఇచ్చిండు.

లినక్స్ అంటే విండోస్ లెక్కనే కంప్యూటర్ను నడిపించేది, కాని పైసలు అడగదు. 1991ల ఫిన్లాండ్ దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిండు. అప్పుడు ఆయనకు 21 ఏండ్లు. అంతకు ముందు 1969ల అమెరికాలో బెల్ ల్యాబ్స్‌ల పుట్టిన యునిక్స్ తీరును చూసి రాసిండట. అంటే యునిక్స్ దీనికి తాత అసుంటిది. పాత యంత్రాల మీద కూడ తేలికగా నడుస్తది. మాది కూడ మంచిగనే నడిచింది. అన్నీ వచ్చినయి, వైఫై ఒక్కటి రాలేదు.

పక్కింటి వాళ్లు ఫైబర్ నెట్ పెట్టించుకున్నరు. నెలకు సగం పైసలు మేము ఇచ్చేటట్టు మాట్లాడుకున్నం. ఫోన్‌ల వస్తున్నది. లాప్‌టాప్‌ల వైఫై గుర్తే లేదు. శుక్రవారం మనుమరాలు దుకాణానికి తీస్కపోయింది. ఆయన మూత కూడ విప్పలేదు. రెండు నిమిషాలు చూసి, "కార్డు పోయింది, మూడు వేలు అయితయి. ఈ లినక్స్ తీసేసి విండోస్ వేస్తె ఇంకో ఐదు నూర్లు" అన్నడు. పిల్ల మొహం చిన్నబోయింది. కోడలు మాట మాట్లాడకుండ చీర కొంగు ముడి విప్పబోయింది. మూడు వేలంటే ఆమె ఎన్ని కట్టలు చుట్టాలె!

నేను ఒకటే అడిగిన. "బిడ్డా, కార్డు పోయిందని ఆయన ఏం చూసి చెప్పిండు?"

"ఏమో తాతా, ఊకనే చెప్పిండు."

మిల్లుల నేను చేరినప్పుడు మా జాబర్ నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. సాంచ ఆగితే చెయ్యి పెట్టకు, ముందు కన్ను పెట్టు. మోటారు తిరుగుతున్నదా? తిరిగితే కరెంటు ఉన్నట్టే. బెల్టు జారిందా? నాడెల కండె అయిపోయిందా? పేక తెగిందా? నాడె పెట్టెలకు సరిగ్గ పోయిందా? వరుస తప్పొద్దు. నేను కొత్తలో తొందరపడి మూడు నట్లు ఒక్కసారే తిప్పిన. సాంచ నడిచింది గని ఏ నట్టుతో నడిచిందో నాకు తెలియలె. మర్నాడు మల్ల ఆగింది, మల్ల మొదటికొచ్చిన. ఆ రోజు గజాలు పడలేదు, పగారు కోత పడింది. అప్పటి సంది ఒక్కసారికి ఒక్కటే తిప్పుత.

"ఇగో బిడ్డా, నువ్వు చదువు, నేను అడుగుత" అని ఇద్దరం శనివారం రాత్రి కూర్చున్నం. ఒక నోట్‌బుక్ పెట్టుకున్నం. ఏం టైపు చేసినం, యంత్రం ఏం చెప్పింది, రెండూ రాయాలె. ఇంట్ల చిన్నోడు, మనుమరాలి తమ్ముడు, "అక్కా, మొత్తం తీసేసి మల్ల మొదటినుంచి ఎక్కిద్దాం" అన్నడు. నేను వద్దన్న. ఒక పోగు తెగితే భీము మొత్తం దించుతమా?

లినక్స్‌ల టెర్మినల్ అని ఒక నల్ల కిటికీ ఉంటది. మనం ప్రశ్న టైపు చేస్తె అది జవాబు ఇస్తది. నాకు అది బాగ నచ్చింది. సాంచ లెక్కనే, అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్తది. నేను కింద పలికే తీరు రాస్తున్న, మీ పిల్లలు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలె.

మొదటి ప్రశ్న: కార్డు లోపల ఉన్నదా? దీనికి ఎల్, ఎస్, పి, సి, ఐ అని ఐదు అక్షరాలు కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఒక అడ్డ గీత పెట్టి, ఎన్, ఎన్, కె అని కొట్టాలె. లోపల తగిలించి ఉన్న భాగాలన్నీ వరుసగ చూపిస్తది. అండ్ల నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఒక వరుస దొరికింది, వైఫై కంపెనీ పేరుతో సహా. మనుమరాలు కండ్లు పెద్దవి చేసి, "తాతా, కార్డు ఉన్నది!" అన్నది. కార్డు నిజంగ చచ్చిపోతే చాలాసార్లు ఆ వరుసే కనపడదు. ఇక్కడ పేరు చెప్తున్నది. అంటే ఊపిరి ఉన్నది.

మూడు వేలు ఆ ఒక్క వరుసతో మిగిలినయని అప్పుడే అనలేదు. పని అయ్యే దాక అనొద్దు. కాని కోడలు కొంగు మల్ల ముడేసుకున్నది. అది నేను చూసిన.

రెండో ప్రశ్న: ఎవరన్న ఆపి పెట్టిన్రా? ఆర్, ఎఫ్, కె, ఐ, ఎల్, ఎల్ అని కొట్టి ఖాళీ వదిలి లిస్ట్ అని కొట్టాలె. రెండు మాటలు వస్తయి, సాఫ్ట్ బ్లాక్డ్, హార్డ్ బ్లాక్డ్. సాఫ్ట్ దగ్గర ఎస్ అని ఉంటే లోపల రాతతో ఆపినట్టు, అదే ఆదేశం పక్కన లిస్ట్ బదులు అన్‌బ్లాక్ వైఫై అని కొడితే విడుస్తది. హార్డ్ దగ్గర ఎస్ అని ఉంటే టైపు చేసి లాభం లేదు. లాప్‌టాప్ పక్కన చిన్న స్విచ్ గని, మీది వరుస మీటల్ల ఏరోప్లేన్ బొమ్మ మీట గని ఉంటది, అది చేత్తోనే తిప్పాలె. సాంచ హ్యాండిల్ దించి ఉండుడు ఒకటి, గోడ మీది మెయిన్ స్విచ్ ఆపి ఉండుడు ఒకటి. హ్యాండిల్ ఎన్నిసార్లు ఎత్తినా మెయిన్ లేకపోతె నడవది. మా దాంట్ల రెండు దగ్గరలా నో అని వచ్చింది. ఇక్కడ అడ్డం లేదు.

మూడో ప్రశ్న: కార్డును నడిపించేటోడు ఉన్నడా? దాన్ని డ్రైవర్ అంటరు. మొదటి ఆదేశంలనే జవాబు ఉంటది. కార్డు పేరు కింద కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్ అని ఒక వరుస రావాలె. మా దానికి రాలేదు. దొరికింది! సాంచ ఉన్నది, కరెంటు ఉన్నది, మీద నిలబడేటోడే లేడు.

ఎందుకు లేడంటే, అన్ని కంపెనీలు ఒక తీరు ఉండయి. ఇంటెల్ వైఫై కార్డులకు కావలసింది మామూలుగ లినక్స్‌తోపాటే వస్తది. బ్రాడ్‌కామ్ కార్డుల్ల కొన్నింటికి డ్రైవర్ విడిగ వేసుకోవాలె. దాని లోపలి రాత కంపెనీ బయటికి ఇయ్యలేదు గనుక లినక్స్ వాళ్లు దాన్ని కలిపి పంపలేరు. రియల్‌టెక్ కొత్త కార్డులకు కొన్నిసార్లు కొత్త కెర్నెల్ కావాలె. మీ దాంట్ల ఏ పేరుంటే దాన్ని బట్టి చూసుకోవాలె.

డ్రైవర్ నెట్ నుంచి దించాలె. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలె. గిదేం కథ అని పిల్ల తల పట్టుకున్నది. దీనికి ఉపాయం ఉన్నది. ఫోన్ ఛార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగుల్ల హాట్‌స్పాట్ దగ్గర యుఎస్‌బి టెథరింగ్ అని ఉంటది, అది ఆన్ చేయాలె. లాప్‌టాప్ దాన్ని వైరు నెట్ లెక్క చూస్తది, వైఫై అక్కర లేదు. ఫోన్ మా కొడుకుది. రాత్రి పాళీకి కారఖానకు పోతడు, ఫోన్ పట్టుకపోతడు. పోయే ముందు అర్ధగంట ఇచ్చిండు. మరి ఎప్పుడూ ఫోన్‌తోనే నడిపిస్తె కాదా అంటే, ఫోన్ పొద్దంత ఇంట్ల ఉండది, రోజు నెట్‌కు ఒక హద్దు ఉంటది.

మింట్‌ల డ్రైవర్ మేనేజర్ అని ఉన్నది. అది తెరిస్తె మా కార్డుకు తగిన డ్రైవర్ అదే చూపించింది. పక్కన చుక్క పెట్టి అప్లై కొట్టినం. నడిమధ్యల ఒక పాస్‌వర్డ్ పెట్టుమన్నది, పెట్టినం. అయిపోయింది. మల్ల స్టార్ట్ చేయుమన్నది. చేసినం. కొడుకు ఫోన్ పట్టుకొని పోయిండు.

స్టార్ట్ అయ్యేటప్పుడు నీలం రంగు తెర వచ్చింది. అండ్ల ఏవేవో ఇంగ్లీషు మాటలు. చిన్నోడు భయపడి గబుక్కున కంటిన్యూ కొట్టిండు. లాప్‌టాప్ తెరుచుకున్నది. వైఫై రాలేదు.

ఇగ చూడండి ఇంట్ల. మనుమరాలు ఏడుపు ఆపుకుంటున్నది. చిన్నోడు, "నేను చెప్పలేదా, మొత్తం తీసెయ్యాలని" అంటున్నడు. కోడలు, "మామా, పోనీ మూడు వేలు ఇచ్చేద్దాం, పని పోతె మల్ల దొరకది" అన్నది. రాత్రి పదకొండు దాటింది. నిజం చెప్తున్న, నాకు కూడ లోపల బుగులే. నేను కాలు అడ్డం పెట్టుడు వల్ల పిల్ల పని పోతదేమో అనుకున్న. కాని ఒకటి యాదికొచ్చింది. నోట్‌బుక్‌ల ఆ నీలం తెర గురించి ఏం రాయలేదు. రాయని దగ్గరనే తప్పు ఉంటది.

"బిడ్డా, డ్రైవర్ను నువ్వే లేపి చూడు, ఏమంటదో" అన్న. అట్ల లేపే ఆదేశం పేరు మోడ్‌ప్రోబ్. ముందల సూడో అని కొట్టాలె, అంటే ఇంటి యజమాని హక్కుతో చెప్తున్న అని అర్థమట. పాస్‌వర్డ్ అడుగుతది. కొన్ని లినక్స్‌లల్ల పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్క కూడ కనపడది, అయినా అది తీసుకుంటది, భయపడొద్దు. కొట్టినం. జవాబు వచ్చింది. పిల్ల చదివింది: కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్. "తాళంచెవి ఒప్పుకోలేదని అంటున్నది తాతా."

అప్పుడు దాని ఫోన్‌ల వెతికి చదివి నాకు చెప్పింది. సెక్యూర్ బూట్ అని లాప్‌టాప్‌ల గేటు కావలి ఒకటి ఉంటదట. ముద్ర లేని డ్రైవర్ను లోపలికి రానియ్యది. మిల్లు గేటు దగ్గర పాస్ లేని మనిషిని వాచ్‌మన్ ఆపినట్టు. డ్రైవర్ వేసేటప్పుడు అడిగిన పాస్‌వర్డ్ దానికే. స్టార్ట్ అయ్యేటప్పుడు వచ్చిన నీలం తెర ఆ వాచ్‌మన్. "ఈ మనిషి మీవాడేనా" అని అడిగిండు. చిన్నోడు జవాబు చెప్పకుండ తలుపేసిండు. కార్డు మంచిదే, డ్రైవర్ మంచిదే, పాస్ మీద సంతకం కాలేదు. అంతే సంగతి.

మోక్‌యుటిల్ అనే ఆదేశంతో ఆ తాళంచెవిని మల్ల ఇచ్చి, కొత్తగ పాస్‌వర్డ్ పెట్టింది. కాగితం మీద రాసుకున్నది. మల్ల స్టార్ట్ చేసినం. నీలం తెర పది సెకండ్లే ఆగుతది, ఆలోపల ఏదన్న మీట ఒత్తాలె. ఒత్తినం. ఎన్‌రోల్ మోక్ అని ఉంటది, దాని మీదికి బాణం మీటతో పోవాలె. తర్వాత కంటిన్యూ, తర్వాత ఎస్, తర్వాత ఆ పాస్‌వర్డ్, తర్వాత రీబూట్. ఇది ఒక్కసారికే, రోజూ అడగది.

లాప్‌టాప్ తెరుచుకున్నది. కింద మూలకు వైఫై గుర్తు వచ్చింది. మనుమరాలు సప్పుడు చేయలె. నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

ఇంకా అయిపోలేదు. చుట్టుపక్కల ఇండ్ల పేర్లు ఎన్నో కనపడ్డయి, మా పక్కింటిది కనపడలె. ఇది నాలుగో ప్రశ్న: మన రూటర్ కనపడుతున్నదా? ఆదివారం పొద్దున పక్కింటామెను అడిగినం. ఆ రూటర్‌ల రెండు పేర్లు ఉన్నయి, ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, ఒకటి 5 గిగాహెర్ట్జ్. మేము ఫోన్‌ల వాడేది 5ది. పాత లాప్‌టాప్ కార్డులు చాలా మట్టుకు 2.4 ఒక్కటే వింటయి, 5 వాటి చెవికి ఆనది. 2.4 వేగం తక్కువ గని గోడలు దాటి మంచిగ వస్తది. ఆమె ఆ పేరు ఆపి పెట్టి ఉండె, ఆన్ చేయించింది. పాస్‌వర్డ్ కొట్టినం. కలిసింది.

సోమవారం తొమ్మిదింటికి మా పిల్ల లాప్‌టాప్ ముందు కూర్చున్నది. పక్కన వాళ్లమ్మ చాట ముందేసుకొని కూర్చున్నది. వారం అయ్యేసరికి వ్యాపారి పని ఖాయం చేసిండు. అయిన ఖర్చు సున్న.

దుకాణపాయన చెడ్డోడని నేను అనను. ఆయనకు లినక్స్ తెలియకపోవచ్చు. కాని తెలియంది తెలియదని చెప్పాలె, కార్డు పోయిందని చెప్పొద్దు. మనం కూడ పైసలు తీసే ముందు ఒక్క మాట అడగాలె, "అన్నా, ఏం చూసి చెప్తున్నవ్? నాకు చూపియ్" అని. చదువు రాదని సిగ్గుపడి మనం అడగం. మిల్లు బంద్ అయిన నాడు కూడ గిట్లనే, లెక్క కాగితం ఇంగ్లీషుల ఉన్నదని ఎందరం అడగకుండ వేలిముద్ర పెట్టినం. నేను కూడ పెట్టిన. ఏమని రాసి ఉన్నదో ఈనాటికీ నాకు తెలియదు. అందుకే ఇప్పుడు అడుగుత.

ఈ కింది వరుస కత్తిరించి పెట్టుకోండి. మీ పిల్లలకు పనికొస్తది.

1. లినక్స్ ఎక్కించే ముందే పెన్‌డ్రైవ్ మీద నడిపించి చూడొచ్చు. అప్పుడే వైఫై వస్తున్నదో లేదో తెలుస్తది.

2. కార్డు కనపడుతున్నదా చూడండి. లోపలి కార్డుకు ఎల్, ఎస్, పి, సి, ఐ. బయట గుచ్చే వైఫై పుల్లకు ఎల్, ఎస్, యు, ఎస్, బి.

3. ఎక్కడన్న ఆపి ఉన్నదా చూడండి. రాతతో ఆగితే రాతతో, స్విచ్‌తో ఆగితే స్విచ్‌తో తీయాలె.

4. డ్రైవర్ ఉన్నదా చూడండి. లేకపోతె ఫోన్ వైరుతో నెట్ ఇచ్చి వేసుకోండి. నీలం తెర వస్తె తొందరపడొద్దు, చదవండి.

5. మన రూటర్ పేరు కనపడకపోతె 2.4 పేరు ఆన్ చేయించండి.

6. కలిసింది గని పేజీలు రాకపోతె పింగ్ అని కొట్టి 8.8.8.8 అని కొట్టండి. జవాబు వచ్చి, పేర్లతో మాత్రం రాకపోతె పేరును నంబరుగ మార్చే దగ్గర, అంటే డిఎన్‌ఎస్ దగ్గర తేడా ఉన్నట్టు. 8.8.8.8కే జవాబు రాకపోతె పింగ్ రూటర్‌కు కొట్టండి. రూటర్ పలికితే తప్పు చాలా మట్టుకు లాప్‌టాప్‌ది కాదు, బయటి లైన్‌ది.

7. మాటిమాటికి తెగిపోతుంటే కరెంటు పొదుపు కోసం కార్డు నిద్రపోతున్నదేమో చూడండి. నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల ఫైల్‌ల వైఫై పవర్‌సేవ్ దగ్గర 3 ఉంటే 2 చేసి, లాప్‌టాప్ మల్ల స్టార్ట్ చేయాలె. 2 అంటే పొదుపు వద్దని.

8. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ఏం మార్చిన్రో రాసుకోండి.

ఇదంత నేను చెప్తుంటే మనుమరాలు ఇంగ్లీషు మాటలు సరిచేసింది. తప్పులు ఉంటే నావే. నన్ను చూసి నవ్విన ఆ పిల్లగాడు నిన్న తన అన్న లాప్‌టాప్ సంకల పెట్టుకొని వచ్చిండు. "తాతా, వైఫై వస్తలేదు" అన్నడు. నోట్‌బుక్ తెచ్చుకొమ్మని పంపిన.

వచ్చే నెల, వర్షకాలం ముందు ఇంటి కరెంటు వైర్ల సంగతి. మీ ఇండ్లల్ల ఏదన్న ఆగిపోయి ఉంటే రాసి పంపండి. ఏం ఆగింది, ఆగే ముందు మీరు ఏం చేసిన్రు, రెండూ రాయండి.

ఉంటా మరి.